పైపు మీద బొటనవేలు

తమ్ముడు సిరామిక్ కోటింగ్ కొట్టిన బైక్ సైలెన్సర్ పైపు, కోటింగ్ గట్టిపడేలా కాల్చే ఓవెన్‌లోకి వెళ్ళడానికి సిద్ధంగా షెడ్డులో కొక్కేనికి వేలాడుతోంది. అన్న దాని పక్కనే వచ్చి నిలబడ్డాడు.

"వచ్చినవాడల్లా నీ చేత్తోనే కొట్టించమంటున్నాడు. ఏం మందు పెట్టావురా?"

"మందేముందన్నయ్యా? వేడికి తట్టుకుంటోంది, చూడ్డానికి బాగుంటోంది, అంతే."

"అంటే నేను కొట్టినవి ఊడిపోతున్నాయా?"

"నేనలా అన్నానా? అయ్యో, దీని మీద ఈ వేలిముద్ర ఎవరిది?"

"చూద్దామని పట్టుకున్నాలే. తుడిచెయ్."

"తుడిస్తే కోటింగ్ ఊడొస్తుంది. ఇలాగే కాలిస్తే మచ్చ ఉండిపోతుంది."

"అదంతా నాకేం తెలుసు?"

"కాల్చకముందు ఒట్టి చేత్తో ముట్టుకోకూడదని, నా చెంప పగలగొట్టి మరీ నేర్పింది నువ్వే కదన్నయ్యా."

అన్న తన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.