మూత లోపలి రాత

స్పేర్‌పార్టుల కొట్టులో, మెకానిక్ ఒక డీజిల్ ఇంజను రిపేరు కిట్టు డబ్బాను కౌంటరు మీద పెట్టాడు.

"ఇందులో నువ్విచ్చిన పిస్టన్ రింగులు పన్నెండు రోజులకే అరిగిపోయాయన్నా. లారీ ఆయిలు తాగేస్తోంది."

"నీ బిగింపులో తేడా ఉంటుంది తమ్ముడూ. నాది కంపెనీ సరుకు. సీలు నీ ముందే తీశాను కదా!"

"తీశావు. ఇప్పుడు మూత లోపల ఏం రాసుందో చదువు."

"లేతు మేస్త్రి అని ఏదో ఫోను నంబరు... పెన్సిలుతో ఉంది."

"ఆ రాత నాది. పోయినేడాది ఈ ఖాళీ డబ్బాను పాతసామాన్లవాడికి నేనే వేశాను. నాసిరకం రింగులతో మళ్లీ నాకే అంటగట్టావు!"

"మెల్లగా! ఎవడో సగం ధరకి తెచ్చిచ్చాడు. నాకేం తెలుసు?"

"కంపెనీ సరుకు సగం ధరకి ఎవడిస్తాడన్నా? ఇరవై ఏళ్ల కొట్టు నీది, ఆమాత్రం తెలియదా?"

"సరే, కంపెనీ నుంచే కొత్త కిట్టు తెప్పిస్తాను. ఇక్కడితో వదిలెయ్."

"కిట్టు ఎలాగూ ఇస్తావు. మంచి రింగులు దాచుకుని చెత్తవి బిగించానని లారీ ఓనరు అందరి ముందూ నన్ను దొంగన్నాడు. బయటే ఉన్నాడు. వచ్చి ఉన్నమాట చెప్పు."

"బజార్లో నా పరువేం కావాలిరా?"

"నాది పోయినప్పుడు గుర్తురాలేదా, పరువనేది ఒకటుంటుందని? లే అన్నా, చెప్పులేసుకో."