చెవి మిషన్ బొమ్మ

డిజైన్ కోర్సు చదువుతున్న మనవరాలు బల్ల ముందు కూర్చుని కాగితం మీద గీసిన బొమ్మకు రంగులద్దుతోంది. ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసిన తాతయ్య కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"ఏంటమ్మా అది, చిక్కుడు గింజా?"

"కాదు తాతయ్యా, చెవి మిషన్. రేపు క్లాసులో చూపించాలి."

"కుట్టు మిషనా? మరి సూదేదీ?"

మనవరాలు ఆయన చెవి దగ్గరకు వంగింది.

"చెవి మిషన్!"

"ఓహో. మరి ఇది ప్లాస్టిక్కా, మట్టిముద్దా? వెలుతురు ఎటునుంచి పడుతోంది?"

"ఎడమవైపు నుంచి."

"అయితే అక్కడ తెల్లరంగు చుక్క ఒకటి పెట్టు. కుడివైపు నీడ ఇంకాస్త ముదరనీ. ఆఁ, ఇప్పుడు నున్నగా మెరుస్తోంది. ఇంతకీ ఈ రంగేంటి, జబ్బు చేసినట్టు?"

"చర్మం రంగు తాతయ్యా. పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియకూడదని."

"తెలిస్తే ఏమవుతుందట?"

"నలుగురూ చూస్తే ముసలాడంటారని నువ్వే అన్నావట. అందుకే నీది పెట్టుకోవట్లేదని అమ్మ చెప్పింది."

తాతయ్య బొమ్మను తనవైపు తిప్పుకున్నాడు.

"నలభై ఏళ్లు బోర్డులు రాశాను. ఒక్కటైనా గోడరంగులో రాశానా? ఆ ఎరుపు ఇలా ఇవ్వు."

"అయ్యో, బొమ్మ పాడైపోతుంది!"

"కంగారుపడకు. ఇదిగో, ఇప్పుడు చూడు."

"బాగుంది తాతయ్యా. నిజంగానే బాగుంది."

"ఈ రంగు అసలు మిషన్‌కి వేస్తే నిలుస్తుందా?"

"ఏ మిషన్‌కి?"

"నాదానికేనమ్మా. బీరువా పై అరలో దాచాను. తీసుకురా, వేసి చూద్దాం."