బాపు పోయిన తిథి

హలో… ఆ పెద్దబాపూ, నేనే, సంతోషిని. … బాగనే ఉన్నం. అమ్మ పక్కనే కూసోని చీరలకు చమ్కీలు అంటిస్తుంది.

అయ్యగారింట్ల ఉన్నవా?… అవు, బాపు ఏడాది మాసికం. యాదికుంది.

తిథి… చూసిన. … పంచాంగంల కాదు, నా కంప్యూటర్ల.

గదే పని పెద్దబాపూ, కరోనా కాడికెళ్లి ఇంట్లనే. శాటిలైట్ ఆకాశంల ఎప్పుడు యాడుంటది, దాని మీద ఎండ ఏ దిక్కుకెళ్లి పడ్తది — పైథాన్‌ల లెక్కలు రాస్తా. మన టైమిస్తే దాని టైంలకు మార్చుకొని చెప్తది. … సూర్యుడు, చంద్రుడు గూడ అండ్లనే ఉంటరు. ఇద్దరి నడుమ ఎంత ఎడమున్నదో చూస్తే గదే తిథి… ఆ, అయ్యగారు చెప్పేది గూడ గదే.

తిథి వచ్చింది… ఒక్కటి కాదు, రెండొచ్చినయ్.

బాపు పోయిన రాత్రి నడుమల తిథి మారింది. మారకముందు పోతే ఏకాదశి… మారినంక పోతే ద్వాదశి.

దవాఖానోళ్ల కాయితం మీద టైమున్నది… అది బాపుది కాదు.

ఇను. ఈడ, మేం బతకొచ్చిన గోడాదరా గల్లీల బుచ్చిరాములు కాక గూడ గదే రాత్రి, గదే వార్డుల పోయిండు. ఆయన కాయితం మీద గూడ గదే టైం. పొద్దుగాల డ్యూటీ మారినోళ్లు వచ్చి చూసి, రాత్రి పోయినోళ్లందరికి ఒక్కటే రాసిన్రు.

…వాళ్లనేమంటం. ఆ దినాలల్ల ఎంతమందినని చూస్తరు.

మమ్ముల దవాఖాన గేటు దాటనియ్యలె పెద్దబాపూ. మైకుల పేరు పిలిస్తేనే తెలిసింది.

…ఏకాదశి మంచిదే. మంచిదని రాసుకుందామా?… కోపం గాదు. ఊరికే ఒక టైం కొడితే గూడ కంప్యూటర్ చెప్తది, దానికేం తెల్సు. నాకు తెల్సు గద. శాటిలైట్ ఏ సెకనుకు యాడుంటదో చెప్తా… బాపు ఎప్పుడు పోయిండో నాతోని కాదు.

జర ఆగుమను అయ్యగారిని. అమ్మ ఏదో అంటుంది… ఏందమ్మా?

…

మాసికం అమావాస్యకు పెట్టుమంటుంది.

తెల్సు. జాడ దొరకనోళ్లకు పెడ్తరు అమావాస్య. నేను గూడ గదే అన్న… బాపు యాడికి పోయిండు, బట్ట నేసే సాంచాల కాడికెళ్లి సీదా దవాఖానకే గద, మంచం మీదనే ఉండె గద, అని. …

అమ్మేమంటుందంటే — పాణం పోంగ ఎవ్వలన్న చూసిన్రా, అని.

…

హలో?… ఉన్నవా?… ఏడ్వకు పెద్దబాపూ. …

లేదు, నాకు ఏడ్పు వస్తలేదు. ఏడాది సంది గిట్లనే ఉంది.

అమావాస్య అనే చెప్పు. ఆ దినం సూర్యుడు, చంద్రుడు ఇద్దరి నడుమ ఎడం సున్నాకొస్తది. బాపు పోయిన టైం అక్కరలేదు.

…ఆ, అమ్మకు చెప్తా.

కంప్యూటరా?… ఇంకా టైం అడుగుకుంట కూసున్నది. బంద్ చేస్తా…

ఆ. పెడ్తున్న.