మరువం అనుకున్న మొక్క

భార్య అక్కగారు తలుపు సగమే తెరిచింది. కుండీ పట్టుకుని అతను మెట్ల మీదే నిలబడిపోయాడు.

"నేనున్నానో లేనో ఆయనకు పట్టదని ఏడుస్తూ వచ్చేసింది నా చెల్లెలు. మీరేమో మొక్కను మోసుకొచ్చారా?"

"తను పెంచిన మరువం వదినా. తను వచ్చేశాక రోజూ నేనే నీళ్లు పోశాను. ఎంత గుబురుగా ఉందో చూడండి."

"ఒక్క ఆకైనా నలిపి వాసన చూశారా?"

"తెంపితే తనకు కోపం కదా!"

"ఆహా, ఏం భక్తి! ఇది కలుపు మొక్క మహానుభావా. మరువం ఎప్పుడో ఎండి చచ్చింది. దాని చోట్లో మొలిచినదాన్ని మేపారు మీరు."

"పచ్చగానే ఉంది కదా అని..."

"ఇన్నేళ్లూ మీ దిండు గలీబులో ఆ రెబ్బలే పెట్టింది, మీ చొక్కాల మడతల్లో ఆ రెబ్బలే పెట్టింది. ఆ వాసన ఒక్కనాడైనా మీ ముక్కుకు తగల్లేదా?"

"తగిలింది వదినా. అది తన ఒంటి వాసన అనుకున్నాను."

ఆమె కుండీ వంకా, అతని వంకా మార్చి మార్చి చూసింది.

"అలా చూస్తారేం? పొమ్మంటే పోతాను."

"ఏడిచారు! ఆ ఒంటి వాసన మాటేదో లోపలికి వినబడేలా గట్టిగా చెప్పి చావండి."