సిపాయిల ఇంటికి ఫోను

హలో… ఆ, నేనే. కంబన్ననే మాట్లాడేది. ఎవురు?

… ఎవురూ? గట్టిగ చెప్పప్పా, ఈడ వడ్రంగోళ్ళు చెక్కలు కొడతాండారు, వినపడల్యా…

నరసన్నా! ఓయప్పా, నువ్వా! నీ గొంతు విని రెండు నెలలాయ కదప్పా…

ఆ, హవల్దారన్ననే, ఇంగెవురు? … ఈ ఫోను నంబరు నీ నోటికుండాదా? … నిజమేలే, ఎనిమిదేండ్లు ఈ సిపాయిల ఇంట్లో ఉంటివి, ఉండకేమి.

తొందరగ చెప్పు. సారు బువ్వకు పోయినాడు, వచ్చే యాళ అయింది. … ఏ సారా? అదే… పని చూసేదానికి ఎవురో ఒక సారు వచ్చినాడులే.

… ఊఁ, సున్నం పని ఇంకా ముగియల్యా. … నెల దినాలు ఊర్లో ఉండి రమ్మన్నాను, నిజమే… వానలొచ్చె కదా నడాన. … లేదప్పా, నీ మంచం యాడికీ పోలేదు. కిటికీ కాడనే ఉండాది.

… నీ పక్క మంచం చౌడప్పా? బాగుండాడు. … లేడు, ఇప్పుడు ఈడ లేడు. ఊరికి పోయినాడు.

నీ సంగతి చెప్పు ముందు. కోసిగిలో అందరూ బాగుండారా? నీ తమ్ముడు, మరదలు?

… ఏమైంది?

… జెండా పండగలోనా? … ఆ, కొత్త రాష్ట్రం వచ్చిన దినం. బడి ముందర. … నువ్వు మెడల్లు పెట్టుకోని పోతివి. పెట్టుకోకేమి? బర్మాలో రెండు కండ్లూ ఇచ్చి తెచ్చుకున్నవి.

… ఎవురన్నారు ఆ మాట? … తెల్లోడి కూలోడు అన్నారా నిన్ను!

… వాటి మింద రాజు తలకాయ ఉండాదని తీసెయ్యమన్నారా? వాండ్ల జేబుల్లో రూపాయి మింద ఎవురి తలకాయ ఉండాదంట? అడగకపోతివా?

… నీ తమ్ముడా? … అందరి ముందర? … వాడే చెయ్యి పెట్టి పీకినాడా…

…

ఏడ్చద్దప్పా. … సరే, ఏడ్చల్యా. జలుబేలే.

వాడు మాత్రం ఏం చేస్తాడు నరసన్నా? మగ్గం మీది బతుకు. నూలు పంచేది నిన్ను ఆ మాటన్న పెద్దమనుషులే. వాండ్లకు ఎదురు చెప్పి ఆ ఊర్లో ఎట్ల నేస్తాడు? … లేదు, వానికి వత్తాసు పలకల్యా నేను. తప్పే. శానా తప్పు చేసినాడు.

… ఊఁ. … ఊఁ. … ఆ పొద్దు నుంచి ఎవురితోనూ మాట్లాడల్యా నువ్వు.

సరే. ఇప్పుడు యాడ నుంచి మాట్లాడతాండావు? కోసిగిలో నీకు ఫోను ఎవురిచ్చినారు?

… ఏందీ?

… ఏ టేసన్లో? … కర్నూలా! ఈ కర్నూలు టేసన్లోనా! … ఎవురు పిల్చుకొచ్చినారు నిన్ను? … ఒక్కడివేనా! గుంతకల్లులో బండి మారి, ద్రోణాచలంలో మళ్ళీ మారి… కండ్లు లేకుండా ఎట్ల వస్తివప్పా…

… శెనక్కాయల యాపారి చెయ్యి పట్టుకున్నాడా. పుణ్యాత్ముడు. … ఆ, పార్సిలు గుమాస్తా ఫోను చేతికిచ్చినాడా. మంచిది.

… ఆగు. ఆగప్పా. జట్కా పిలవద్దు. … వద్దు. … వద్దంటాండా కదా!

…

అరిచినానా? తప్పయింది. … చెప్తా. చెప్తా నరసన్నా.

అబద్ధం చెప్పినా నీకు. సున్నం లేదు, ఏమీ లేదు. మన ఇల్లు తీసేసుకున్నారు. … సర్కారోళ్ళే. కర్నూలు రాజధాని అయ్యె కదా, ఆఫీసులకు ఇండ్లు చాలలేదు. ఆఫీసర్లే గుడారాల్లో పండుకుంటాండారు, మనం బర్మాలో పండుకున్నట్ల. పదైదు దినాల్లో కాళీ చెయ్యండని మనకు కాయితం వచ్చె.

… ఎవుర్ని అడగల్ల? ఇల్లు నడిపే కమిటీ ఉండె కదా మద్రాసులో, వాండ్లకు తంతి కొడితి. రెండు తూర్లు కొడితి. యుద్ధం అయిపోయి ఎనిమిదేండ్లాయ, ఇంగ సిపాయిల పేరు చెప్తే చందాలిచ్చేవాండ్లు లేరు, ఎవురి ఊర్లకు వాండ్లను పంపెయ్యమని జాబు రాసినారు.

… చెప్పల్లనే అనుకుంటి. నిన్ను బండెక్కించేటప్పుడు చెప్పల్లనే అనుకుంటి. నువ్వు నవ్వుకుంట, నా మంచం మింద ఎవుర్నీ పండుకోనియ్యద్దన్నా అంటివి. నెలకు వచ్చెయ్యి అంటి నేను.

… ఆస్పత్రికి తోలినారు మంచాలన్నీ. … నీదీ పోయె.

… ఆ. చౌడప్ప సంగతీ అబద్ధమే. మహానందిలో ఉండాడంట. … పని యాడిదప్పా, రెండు కాళ్ళూ లేనోనికి? గుడి మెట్ల కాడ గుడ్డ పరుచుకోని కూచుంటాడంట. చూసినోళ్ళు చెప్పిరి.

… నేనా? ఈడనే ఉండా. బంట్రోతును. సారు గంట కొడితే లోపలికి పోతా, ఆయన లేనప్పుడు ఫోను ఎత్తుతా. మనోళ్ళెవురైనా చేస్తారేమోనని… ఎత్తుతా.

… నా కాడనా?

…

… లేదు, వింటాండా. ఉండా.

ఎనక వంటిల్లు ఉండె కదా, దాంట్లోనే నేనూ, నా పెండ్లాం గిడ్డమ్మా. … చోటు సంగతి కాదప్పా. ఆఫీసు మనుషులు తప్ప కాంపౌండులో ఎవురూ పండుకోగూడదని సంతకం పెట్టించుకున్నారు. పోయినారం గిడ్డమ్మ అన్న వచ్చి ఒక్క రాత్రి పండుకుంటే, పని తీసేస్తానన్నాడు సారు. ఈ పనీ పోతే మేమిద్దరం యాడికి పోవల్ల?

… నిన్ను వద్దంటానా నేను! నిన్ను ఈ భుజం మింద ఏసుకోని వాగు దాటినోణ్ణి… ఆలోచన చెయ్యనీ. ఒక్క నిమిసం ఆలోచన చెయ్యనీ నన్ను…

…

…

సరే, రా. అయ్యేదేదో అయితాది. … కాదు, నువ్వు రావద్దు. ఆడనే కూచో, నేనే వస్తాండా. గిడ్డమ్మకు నేను చెప్పుకుంటాలే. … నరసన్నా? … వింటివా?

హలో… ఎవురు? గుమాస్తా సారా? … ఆయప్ప యాడ సార్? … ఎప్పుడు? … ఇప్పుడే కదా సార్ రమ్మంటి! … వినలేదా? అంతకు ముందరే ఫోను మీ చేతికిచ్చినాడా…

… ఏమని చెప్పినాడు? … 'అన్నను ఇబ్బంది పెడితి, ఏమీ అనుకోవద్దని చెప్పండి'… అంతేనా?

సార్, మీకు దండం పెడతా. పోయి పట్టుకోండి ఆయప్పను. కాకీ కోటు, చేతిలో కర్ర ఉంటాది. … ఏ బండి కాడికి పోయినాడు? … యాడికి పోతాండాడో చెప్పలేదా? … పార్సిళ్ళు ఎత్తేటోళ్ళలో ఒకర్ని పంపండి సార్. కండ్లు లేని మనిషి. … బండి కూత ఏసిందా? … అయ్యో, రవంత ఆపమనండి సార్, పరిగెత్తుకోని వస్తా, పావుగంట—

సార్! అప్పుడే బువ్వ తిని వస్తిరా సార్! … లేదు సార్, మీ కుర్చీలో కూచోలేదు, నిలబడే ఉండా. … ఎవురూ కాదు సార్.

… లేదు సార్. తెలిసినోడు కాదు. నంబరు తప్పి తగిలింది.

… ఆ. పెట్టేస్తాండా సార్.