"లేదు" అనకూడని ఇల్లు

వరహాలని ఒక కోడలు పిల్ల. కాపరానికొచ్చి మూడో రోజంట. పొయ్యి మీద పులుసుకి ఎసరు మరుగుతంది, చింతపండు కోసం కుండలో చెయ్యి పెడితే అడుగున నాలుగు గింజలు తగిలాయి, అంతే. అక్కణ్ణుంచే కేకేసింది, "అత్తా, చింతపండు లేదు!" అని. అరుగు మీద బియ్యం చెరుగుతన్న అత్త గవరమ్మ ఏం చేసిందనుకున్నారు? చేట అక్కడే పారేసింది, నూకలూ బియ్యమూ ఏకమైపోయాయి, పరిగెత్తుకొచ్చి కోడలి నోరు రెండు చేతుల్తో మూసేసింది. పిల్ల హడిలిపోయింది. ఇదేటి, మూడో రోజుకే అత్త నా గొంతు పిసికేస్తంది అనుకుందంట. గవరమ్మ రొప్పుకుంటా, "ఆ మాట మనింట్లో అనకూడదే అమ్మా, నిండుకుంది అనాలి, నిండుకుంది!" అని చెప్పి, చూరు వైపు చూసి దణ్ణం పెట్టి, కోడలి చేత మూడు సార్లు "చింతపండు నిండుకుంది" అనిపించి, అప్పుడు వదిలింది.

మనమూ అంటాం కదా, బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం, గాజు చిట్లితే పెరిగిందంటాం. తథాస్తు దేవతలు చూరు మీద కూర్చుని ఉంటారు, మన నోట ఏ మాటొస్తే దానికి సరే అనేస్తారు అని భయం. కానీ గవరమ్మది అలాంటిలాంటి భయం కాదు. ఆ ఇంట్లో లేదు అన్న మాట ఏ రూపంలోనూ వినబడకూడదు. కొడుకు అప్పలకొండ పొలం నుంచి వచ్చాడా అని ఎవరైనా అడిగితే రాలేదు అనకూడదు, దారిలో ఉన్నాడు అనాలి. వాడు పొలంలో దున్నుతున్నా సరే, దారిలో ఉన్నట్టే. పిల్లి ఇంట్లో లేదు అనకూడదు, వీధిలో ఉంది అనాలి. ఒకసారి ఏమైందంటే, వరహాలుకి జ్వరమొచ్చింది. నాలుగు రోజులైంది. "తగ్గిందేటే?" అని అత్త అడిగింది. తగ్గలేదు అనకూడదు కదా, మరేమనాలి? "ఉందత్తా" అంది. ఆ మాట మాత్రం పైవాళ్ళకి బాగా వినబడినట్టుంది, ఇంకో నాలుగు రోజులుంది జ్వరం. ఒలే బంగారమ్మా, నవ్వింది చాలు, విను. నేను అనొచ్చులే లేదు అని, నేను ఆ ఇంటి మనిషిని కాను.

గవరమ్మ గయ్యాళి అనుకునేరు, కాదు. పాపం ఆవిడ కథ ఆవిడకుంది. అప్పలకొండ చంటి పిల్లడుగా ఉన్నప్పుడు, ఎవరో ముసలావిడ గుమ్మంలోకొచ్చి "మజ్జిగుందా తల్లీ" అందంట. చల్ల కుండ నిండా ఉంది. కానీ పిల్లడు ఏడుస్తన్నాడు, పొయ్యి మీద కూడు పొంగుతంది, విసుగొచ్చి "లేదు, పో" అనేసింది. ఎవరం అనం చెప్పండి? మూడో రోజుకి గేదె పాము కరిచి పోయింది. ఆ ఏడే మొగుడూ పోయాడు. ఇంక అప్పణ్ణుంచి, నా ఇంటిని నా నోటితో నేనే కూల్చుకున్నాను అని ఒకటే కుమిలిపోడం. ఎంతమంది చెప్పినా ఆవిడకి ఎక్కదు. ఈ సంగతి ఒక రోజు తల దువ్వుతా కోడలికి చెప్పి, దువ్వెన పక్కన పెట్టి ఏడ్చిందంట. అది విన్నాక వరహాలుకి అత్త మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు.

ఇల్లు ఒక పక్క ఇలాగుంటే, ఊరు ఊరుకుంటుందా? అసలు మన వైపు చేబదులు అడగడం ఎలా అడుగుతాం? ఇస్తావా అని ఎవరడుగుతారు, సిగ్గు కాదూ? ఉప్పుందా అంటాం. చేటుందా అంటాం. ఉంది అంటే ఇస్తానని, లేదు అంటే ఇవ్వనని. ఇంక గవరమ్మ ఇంట్లో లేదు అనకూడదని ఊరందరికీ తెలుసు. తెలిశాక ఊరుకుంటారేటి? "గవరమ్మా, రోకలుందా?" "ఉంది." "గవరమ్మా, బెల్లముందా?" "ఉంది." "నిచ్చెనుందా?" "ఉంది, ఉంది." ఇల్లు కప్పుకుందామని అప్పలకొండ తాటాకులు తెచ్చుకుని కూర్చుంటే వాళ్ళ నిచ్చెన మూడు వీధుల అవతల ఎవరింటి మీదో ఉందంట. వరహాలు తమ పిండి తాము దంచుకోడానికి పక్కింటికెళ్ళింది, ఎందుకంటే తమ రోకలి అక్కడే ఉంది. అందర్లోకీ ఆ పక్కింటి దాలమ్మే గట్టిది. చెడ్డదనను, నవ్వుతానే ఉంటుంది, నవ్వుతానే పట్టుకుపోతుంది. పొద్దున్న లేచి మొహం కడుక్కుని, తన ఇంట్లో ఏముందో చూసుకోడం మానేసి గవరమ్మింట్లో ఏముందో చూసుకునేది అనుకోండి.

వరహాలు మొగుడితో మొత్తుకుంది. "మావా, నీ ఇల్లు నువ్వు చూసుకోవా?" అంటే వాడు, "అమ్మనేమంటాం?" అన్నాడు. నువ్వేమీ అనవని నాకు ముందే తెలుసు అని, ఇంక తనే ఒక ఉపాయం చేసింది. దాలమ్మ బెల్లానికొస్తే, "నిండుకుంది చిన్నత్తా" అంది. నిండుకుంది అనొచ్చు కదా మరి! దాలమ్మ మొహం ముడుచుకుని వెళ్తంటే లోపల్నుంచి గవరమ్మ, "అదేటే, కుండెడు బెల్లం పెట్టుకుని నిండుకుంది అంటావా, నిజంగానే నిండుకోమని దీవిస్తారే వాళ్ళు!" అని గాభరాగా అటక మీంచి కుండ దించబోయింది. కుండ జారింది, ఠాప్! బెల్లం అంతా మట్టిలో. "చూశావా, చూశావా, నేను చెప్పానా!" అని గవరమ్మ గుండెలు బాదుకుంది. పడేసింది నువ్వే కదత్తా అని కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఇంక ఆ దారీ మూసుకుపోయింది.

అసలు దెబ్బ ఒక ఏడు తగిలింది. వాళ్ళకున్నదల్లా ఒక మెట్ట చెక్క, చిన్న పొలం ముక్క. తొలకరి పడితే వేరుశెనగ వేసుకోవాలి, ఏడాదంతా దాని మీదే బతకాలి. విత్తనం కాయలు దాచుకున్నారు. సరిగ్గా చినుకు పడ్డ రోజున దాలమ్మ గంప పట్టుకుని వచ్చి "అక్కా, విత్తనాలున్నాయా?" అంది. తన విత్తనాలు ఏం చేసిందంటారా? ఉడకబెట్టుకుని తినేసింది, ఇంకేం చేస్తుంది! గవరమ్మ సగం పోసేసింది. సగం చెక్క బీడు పడిపోయింది. మాఘమాసం వచ్చేసరికి ఇంట్లో తిండి గింజలు, ఏమనాలి, నిండుకున్నాయి. బాగా నిండుకున్నాయి. అప్పలకొండ పరాయి పొలాల్లో కూలికెళ్ళాడు. వరహాలు అప్పటికి నెల తప్పి ఉంది, పూటకి గంజి తాగి పడుకునేది. ఆ కడుపు నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఎవరికి తెలుసు, గంజి వల్లే అని నేననను. కానీ ఆ పిల్ల మనసులో మాత్రం అదే పడింది, ఆ సగం చెక్కే నా బిడ్డని తినేసింది అని.

మరుసటేడు మళ్ళీ కడుపుతో ఉంది, మూడో నెల. వరహాలు ఏం చేసిందంటే, ఒక్కో కాయా తనే ఏరింది, గుప్పెడు బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి, గుడ్డ కట్టింది. ఈ కుండ చేలోకే వెళ్ళాలి, ఇంకెక్కడికీ వెళ్ళకూడదు అని ఒట్టు పెట్టుకుంది. దాచుదామనుకుంది, కానీ దాచి ఏం లాభం, ఎవరైనా ఉందా అంటే అత్త ఉంది అని చెయ్యెత్తి చూపిస్తుంది. పుట్టింటికి పంపేద్దామనుకుంది, మొగుడు ఒప్పుకోలేదు. రోహిణి వెళ్ళింది, మృగశిర వచ్చింది. ఒక పొద్దున్న మబ్బేసి ఒక పాటి వాన కొట్టింది. అప్పలకొండ నాగలి దించి ఎడ్లని విప్పుతన్నాడు. కోడలు అరుగు మీద కాయలు ఒలుస్తంది, అత్తా పక్కనే కూర్చుని ఒలుస్తంది. అప్పుడు వచ్చింది దాలమ్మ. కిందటేటి గంప కాదు, ఇంకా పెద్ద గంప!

"ఒలే వరహాలూ, విత్తనాలున్నాయేటే?" అంది నవ్వుతా. కళ్ళ ముందు చేట నిండా గింజలు పెట్టుకుని కూర్చున్న దాన్ని అడుగుతంది, ఉన్నాయా అని. వరహాలు అత్త వైపు చూసింది. గవరమ్మ ఒలవడం ఆపేసి, అనకే తల్లీ, ఆ మాట అనకే అని కళ్ళతోనే బతిమాలుతంది. మొగుడి వైపు చూసింది. వాడు ఎద్దు ముకుతాడు చూస్తన్నట్టు వంగిపోయాడు. ఇంకెవరున్నారు? లేదు అంటే అత్త గుండె ఆగిపోతుంది, నిండుకున్నాయి అంటే అబద్ధం, ఉన్నాయి అంటే గంపలో పొయ్యాలి. చెయ్యి కడుపు మీదకి దానంతటదే వెళ్ళిందంట.

"ఉన్నాయి చిన్నత్తా" అంది. దాలమ్మ గంప దించింది. "కుండెడు ఉన్నాయి. మంచి గింజలు, నేనే ఏరాను. ఉన్నాయి, ఇవ్వను."

ఓలమ్మో! ఎద్దు మెడలో గంట కూడా ఆగిపోయిందంట. దాలమ్మకి అర్థం కాలేదు. "ఏటీ?" అంది. "ఇవ్వను" అంది వరహాలు, ఈసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. "మా చేలోకి కావాలి. కిందటేడు ఇచ్చి మేం పస్తులున్నాం. ఈ ఏడు ఇవ్వను." మాట గట్టిగా కూడా అనలేదు, కాయ ఒలుస్తానే అంది. ఆ ఊరు పుట్టాక గవరమ్మ గుమ్మంలో ఆ మాట ఎవరూ వినలేదు. అందరూ ఆ లేదు చుట్టూ తిరుగుతన్నారే గానీ, ఇవ్వను అని ఇంకో మాట ఉందని ఒక్కరికీ తోచలేదు చూడండి. దాలమ్మకి ఒళ్ళు మండింది. గవరమ్మ వైపు తిరిగి, "విన్నావా అక్కా? తొలకరి పూట, నీ గుమ్మంలో, నీ కోడలు లేదు అనేసింది!" అని అరిచింది. గవరమ్మ చటుక్కున లేచింది, ఒళ్ళోని పొట్టంతా రాలింది. "అబద్ధాలాడకు దాలమ్మా! ఉన్నాయనే అంది. నా కోడలు లేదనలేదు!"

అనేసింది. ఆవిడే అనేసింది, వీధంతా వినబడేలాగ! అని, గభాలున నోరు మూసుకుని చూరు వైపు చూసింది. చూరు మీద ఒక పిచ్చుక ఉంది, అది తుర్రుమంది. ఇంకేమీ కాలేదు. ఎడ్లు నిలబడే ఉన్నాయి, కొడుకు నిలబడే ఉన్నాడు. దాలమ్మ గంప ఎత్తుకుని గొణుక్కుంటా వెళ్ళిపోయింది. గవరమ్మ మెల్లగా కూర్చుని అందంట, "ఇన్నేళ్ళూ ఊరందరికీ పెట్టానని పేరు తెచ్చుకున్నానే వరహాలూ. అదంతా భయపడి పెట్టిందే. మనసు పుట్టి పెట్టింది లెక్కెడితే నా చేతి వేళ్ళన్నీ కూడా నిండవే." అని ఏడ్చింది. ఎద్దు ముకుతాడు చూస్తన్న అప్పలకొండ అప్పుడు లేచి వచ్చి, విత్తనాల కుండ తనే నెత్తినెట్టుకున్నాడు. చెక్కంతా వేశారు, గట్టు వారా కూడా వదల్లేదు. పంట బాగా పండింది, బిడ్డా దక్కింది. ఆడపిల్ల.

విత్తగా మిగిలిన రెండు దోసిళ్ళు ఏం చేశారంటారా? గవరమ్మ కొంగున కట్టుకుని, ఎవరూ అడక్కుండానే వెళ్ళి దాలమ్మ చేతిలో పోసొచ్చింది. దాలమ్మ అవి తీసుకుని ఏమందో తెలుసా? "ఇవేనా, ఇంకా ఉన్నాయా?" అందంట. మనిషి మారుతుందేటి!

ఇదమ్మా సంగతి. ఇంతసేపు నోరు తెరుచుకుని విన్నారు, రేపు పొద్దున్న ఎవరైనా గుమ్మంలోకొచ్చి రోకలుందా అంటే మీరంతా తలొంచుకుని ఇచ్చేస్తారు, నాకు తెలుసు. ఇవ్వను అన్న మాటకి నాకు నోరు తిరగడానికి అరవయ్యేళ్ళు పట్టింది. ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళకే తిరిగింది, అందుకే దాని కథ చెప్తన్నాను, నాది చెప్పడం మానేసి. ఏటే బంగారమ్మా, అలా చూస్తావు? కథ ఇంకా ఉందా అంటావా? ఉంది. చెప్పను. లెండి, కలుపు తీద్దాం.