వెర్నా పిన్ని రాయి

“తెరమీదికెక్కిన అక్షరం ఏదైనా సరే, నా చేతిలో పడ్డాక బతికి బట్టకట్టదు!” అన్నాడు ఓరెస్ట్ హాలిచుక్, కాఫీ కప్పుతో బల్లమీద ఒక్క దరువేసి. ఓ గుక్క తాగి, “మా ఇంటి టీవీ మూలన మిణుకుమిణుకుమనే ఆ గడియారం అంకె తప్ప. అదెలా తియ్యాలో నాకిప్పటికీ అంతుపట్టలేదనుకో,” అని తనే చేర్చాడు.

మంచుమీద బరువైన రాయిని జార్చి, గీసిన వలయాల నడుమకి చేర్చే కర్లింగ్ ఆట క్లబ్బు పై గదిలో ఉన్నది ముగ్గురే. కోతలు కోసే ఓరెస్ట్, కింద ఆటకోసం మంచు పరిచి చదును చేసే ఆల్విన్, గాజుకిటికీ పక్కన కోటు విప్పకుండానే కూర్చున్న వెర్నా. డెబ్బై దాటిన వెర్నాకి ఆ కోతలతో పనిలేదు. ఆవిడకి కావలసింది ఒక రాయి.

ముప్పై అయిదేళ్ళ నాడు జిల్లా ఫైనల్లో ఆఖరి రాయి జార్చింది ఆవిడే. జార్చిన ఊపులో కాలు తప్పి బోర్లా పడింది, కళ్ళద్దాలు ఎటో ఎగిరిపోయాయి. లేచేసరికి జనం ఆవిణ్ణి భుజాలకెత్తుకున్నారు. గెలిచాం అన్నారు. రాయి ఎక్కడాగింది అంటే, నట్టనడుమ అన్నారు అందరూ. ఆవిడ మాత్రం చూడలేదు. ఆనాటి టీవీ ప్రసారం టేపు ఒకటి మిగిలింది. అందులోనూ రాయి వలయాల్లోకి వచ్చే వేళకి సరిగ్గా, మంచు తుఫాను వల్ల మూసేసిన బడుల జాబితా తెర సగం దాకా ఎక్కి కూర్చుంది. ఆ జాబితా తీసేస్తానని టేపు పట్టుకుపోయిన ఓరెస్ట్ ఇదిగో ఇవాళే తిరిగొచ్చాడు.

“వెయ్యరా మరి,” అంది వెర్నా.

“వేస్తా పిన్నీ, తొందరెందుకు? అసలు నేను పడ్డ పాట్లు వినాలిగా! ముందు ఆ మూలన టీవీవాళ్ళ ముద్ర తీశా. అదేముంది, తలలో పేను తీసినట్టు తీసి పారేశా. కంప్యూటర్లో దానిచుట్టూ గీత గీసి ‘ఇది వద్దు’ అంటే చాలు, చుట్టుపక్కల చూసుకుని అదే పూడ్చేస్తుంది. అంతవరకూ ఎవరైనా చేస్తారు.”

“అంతవరకూ నేనూ నమ్ముతా,” అన్నాడు ఆల్విన్.

“నువ్వు నమ్మకపోతే నాకు పోయేదేముందిరా! తర్వాత జాబితా మీద పడ్డా. పైనుంచి మొదటి పేరు నార్త్‌ఫీల్డ్ బడి. అది తీశానో లేదో, ఏమైందో తెలుసా? ఫోను! ఆ బడి హెడ్మాస్టరు! ‘మా బడికిచ్చిన సెలవు ఎవడయ్యా రద్దుచేసింది?’ అని ఒకటే కేకలు. పరుగెత్తుకెళ్ళి చూస్తే, ఆనాటి పిల్లలందరూ, ఇప్పుడు బట్టతలలూ బాన కడుపులూ, భోజనం డబ్బాలు పట్టుకుని గుమ్మం ముందు వరసకట్టారు. ఒకడైతే హోంవర్కు చెయ్యలేదని ఏడుస్తున్నాడు!”

“ఓరి దేవుడో!” అంది వెర్నా, నవ్వాపుకోలేక.

“నవ్వకు పిన్నీ, ఆ ఏడుపు నువ్వు చూడలేదు. సరే, వచ్చి కూర్చుని, ఆ కింద మైనస్ ముప్పై ఎనిమిది అని చలి అంకె ఉందిగా, దానిమీద చెయ్యివేశా. చెయ్యి జారి ముందు మైనస్ ఒక్కటే పోయింది. ఇహ చూస్కో! నడి జనవరిలో ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండ! వీధిలో మంచంతా కాలువలు కట్టింది, ఎదురింటి పెద్దాయన బనీనుతో వాకిట్లోకొచ్చి పుచ్చకాయ కోశాడు, ఆవులు నీడకోసం మా కారుషెడ్డులో దూరాయి!”

ఆల్విన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “మరి నా మంచు కరగలేదేం?”

“నేను గబుక్కున మైనస్ తెచ్చి అంటించబట్టి! లేకపోతే ఈపాటికి నువ్విక్కడ ఈతకొలను నడుపుకుంటూ ఉండేవాడివి. దండం పెట్టు నాకు!”

“పెడతాలే. తర్వాత?”

“తర్వాత గడియారం తీశా. ఊళ్ళో కాలం ఆగింది. ఆదివారం ప్రార్థనలో ఫాదరు ఉపన్యాసం అలా సాగుతూ ఉండిపోయింది. అయితే అక్కడెవరికీ తేడా తెలియలేదనుకో, అది వేరే సంగతి. అసలు చిక్కేమిటంటే, తీసిన అక్షరాలు ఎక్కడ పొయ్యాలి? మీరెవరైనా ఆలోచించారా? గదిలో మోకాలిలోతు! పారతో ఎత్తి కిటికీలోంచి బయట కుప్పపోశా. పక్కింటి కుక్క వచ్చి ‘మూసివేత’ అన్న మాట ఒకటి మింగింది. పాపం, ఆ రోజునుంచి అది నోరు తెరవలేదు!”

ఆల్విన్ బల్ల గుద్ది మరీ నవ్వాడు. వెర్నా నవ్వలేదు. ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఒకదాన్నొకటి పట్టుకుని. “ఓరెస్ట్, అబ్బాయ్, రాయి ఉందా లేదా?”

ఓరెస్ట్ లేచి టీవీ వేశాడు.

తెరమీద ముప్పై అయిదేళ్ళ కిందటి వెర్నా బోర్లా పడింది. రాయి వచ్చింది, అది ఇంకాస్త ముందుకి జారేలా జట్టు చీపుర్లవాళ్ళు దానిముందు మంచు ఊడుస్తూ పరుగెత్తారు. జాబితా ఎక్కవలసిన చోటు వచ్చింది. ఎక్కలేదు! తెల్లగా, శుభ్రంగా, ఎర్రటి వలయమూ నీలం వలయమూ కనబడ్డాయి. నడిమి చుక్క మీద రాయి. కొద్దిగా ఎడమకి జరిగింది. ఆగింది.

వెర్నా కిటికీ అంచు పట్టుకుంది.

“ఇంకోసారి,” అంది ఆవిడ.

వేశాడు. ఇంకోసారి. ఆ పైన మరోసారి. ఆ చివరిసారి ఆవిడ లేచి తెర దగ్గరకెళ్ళి, కళ్ళద్దాలు ముక్కుమీదికి నెట్టుకుంది.

“ఒరే ఓరెస్ట్. రాయి వెనక ఆ బూటు ఎవరిది?”

“బూటా? ఏ బూటు?”

“ఇదిగో. రెప్పపాటు కనబడి పోతోంది. బూడిదరంగు ఉన్ని బూటు, పూలు కుట్టింది. చీపుర్లవాళ్ళెవరూ ఇలాంటివి తొడుక్కోలేదే!”

ఆల్విన్ వంగి చూశాడు. “ఔను, పూలే! ఒరేయ్, ఇది మొన్న కింద నేను పరిచిన మంచు కాదూ? ఆ మధ్యాహ్నం తాళాలడిగి తీసుకున్నావు, అందుకా?”

ఓరెస్ట్ మొహం బీట్‌రూట్ పులుసైంది. “కంప్యూటరు పూడ్చింది పిన్నీ. నిజంగానే పూడ్చింది. కానీ దానికేం తెలుసు? చుట్టూ మంచుంది కాబట్టి మంచే పోసింది. జాబితా తీస్తే కింద ఏమీ లేదు. ఉత్త తెలుపు. రాయి లేదు. ఏ ముఖం పెట్టుకుని నీ దగ్గరికి రాను? అందుకే... ఇక్కడికొచ్చి, ఫోను పైన కట్టి, ఇంకో రాయి పెట్టి వీడియో తీసి, అతికించా.”

వెర్నా మెల్లగా వెనక్కొచ్చి కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళకి చూశాననుకున్నది కూడా ఉత్తిదే. కళ్ళు మూసుకుంది. ఉన్నట్టుండి తెరిచింది.

“అయితే మధ్యలో ఎందుకు లేదది?”

“ఆఁ?”

“కోతలు కోసేవాడివి, రాయి నీ చేతిలో ఉంది. నట్టనడుమ పెట్టకుండా జానెడు ఎడమకెందుకు పెట్టావురా?”

ఓరెస్ట్ ఆల్విన్ వంక చూశాడు, నేల వంక చూశాడు.

“నడుమనే పెట్టా పిన్నీ. ఆ బూటు మా అమ్మది.”

“ఓల్హాదా!” వెర్నా నిర్ఘాంతపోయింది. ఆనాడు ఆ రాయి ముందు ఆఖరిదాకా ఊడుస్తూ పరుగెత్తింది ఓల్హాయే. “నాతో ఇన్నేళ్ళూ నట్టనడుమ అనే అంది కదరా!”

“నువ్వు సంతోషిస్తావని అందట. నేను ఫోను కట్టడానికి సాయం రమ్మంటే వచ్చింది. రాయి చూసి, ‘అక్కడ కాదురా అబద్ధాలకోరూ, వెర్నా చూడబోయేది!’ అని ఒక్కటి తిట్టి, కాలితో తోసి, ‘ఇదిగో, ఇక్కడ’ అంది. అదే నువ్వు చూసింది.”

వెర్నా తెర వంక తిరిగింది. జానెడు ఎడమకి. రాయి అక్కడే ఉంది. చాలాసేపు చూసి, చూపు తిప్పకుండానే అడిగింది, “ఎనభై అయిదేళ్ళ మనిషిచేత అంత బరువు తోయించావా? నువ్వేం చేస్తున్నావురా?”

“రాయి అక్కడిదాకా మోసుకెళ్ళానుగా,” అన్నాడు ఓరెస్ట్, టోపీ కళ్ళమీదికి లాక్కుంటూ. “దింపేటప్పుడు నడుం పట్టేసింది. అమ్మ రాయి తోసి, ఆ తర్వాత నన్ను కూడా అలాగే గుమ్మం దాకా తోసుకెళ్ళింది.”